ముప్పావుగంటలో మోక్షము

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయినది మొదలు, పాత లాప్‌టాపులు గల గృహస్థుల యిండ్లకు విండోసునకు బదులు లినక్స్ వాడుడను ప్రచారకుల రాకపోకలు హెచ్చినవి. "పెన్‌డ్రైవులో ఎక్కించుకొనుడు, నాలుగు క్లిక్కులు చేయుడు, ముప్పావుగంటలో స్వతంత్రులగుదురు, మా అమ్మమ్మయే వాడుచున్నది!" అని వారి ఉపదేశము. ఆ అమ్మమ్మను చూచినవారు లేరు. ప్రతి ఆదివారమును ఆమె యంత్రమునకు శుశ్రూష చేయు మనుమడు మాత్రము ఎల్లరకును పరిచితుడే.

హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో లినక్సునకు బీజమైన తన కృషిని లోకమునకు తెలుపుచు, ఇది సరదాకు చేయుచున్నదే గాని పెద్దది కాబోదని చెప్పుకొనెను. కర్తకు గల యా వినయము ఈ అనుచరులకు అబ్బలేదు.

లినక్స్ రకములలో ఉబుంటువా, మింటా, డెబియనా అను కలహము తీరి, వ్యవస్థ యెట్లో యెక్కిన పిమ్మట, వైఫై పలుకదు. కొన్ని చిప్పులకు డ్రైవరు వేరుగ తెచ్చుకొనవలయును. డ్రైవరు తేవలెనన్న ఇంటర్నెట్టు కావలయును, ఇంటర్నెట్టు రావలెనన్న డ్రైవరు కావలయును. ఫోనును తీగతో తగిలించి ఆ చిక్కు విప్పుకొని, టెర్మినలు అను నల్లని గవాక్షము తెరచి, 'సుడో' అను ఆజ్ఞను కొట్టి, పాస్‌వర్డు టైపు చేయబోవు నూతనునకు, పెక్కు లినక్స్ రకములలో, తెరమీద అక్షరము గాని చుక్క గాని కనబడదు. కీబోర్డు చచ్చినదని బెదరి అతడు మీటలను మరింత గట్టిగా మోదుచుండ, ప్రక్కనున్న ప్రచారకుడు మందహాసముతో "అది భద్రత కోసమండీ" అనును. ఈ ముక్క ముందే చెప్పిన ఆయన సొమ్మేమి పోయెడిది?

ఇంతవరకు సహింపవచ్చును. 'అను' తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకరులో శుభలేఖలు కూర్చుచు బ్రదుకు డీటీపీ దుకాణదారునకును ఇదే మంత్రము నుపదేశించుట నాకు కోపకారణము. పేజ్‌మేకరు లినక్సునకు ఏనాడును రాలేదు. ఆ పాత ఫాంట్లు యూనికోడు నెరుగనివి గావున, ఫైలును అవి లేని చోట తెరచినచో వధూవరుల పేర్లకు బదులు రోమను లిపిలో పిచ్చిగుర్తులు దర్శనమిచ్చును. దీనికి ప్రచారకుడు చెప్పు ఔషధము 'వైన్': అనగా విండోసును త్యజించి వచ్చినవాడు విండోసు ప్రోగ్రాములనే నడుపుకొనుటకై వేరొక ప్రోగ్రాము నాశ్రయించుట. అదియు కుదరదన్నచో, ప్రపంచమందలి 500 అగ్రశ్రేణి సూపర్ కంప్యూటర్లన్నియు 2017 నుండి లినక్సుమీదనే నడుచుచున్నవని సెలవిచ్చును. నిజమే, శుభలేఖల దుకాణమునకు వానితో గల బాంధవ్యమేమో! మెనూలను తెలుగు చేయుటకు ఓపికతో కూర్చున్న 'స్వేచ్ఛ' అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంస్థ కార్యకర్తలను నేననుట లేదు. కూర్చుండక, చెప్పి పోవువారిని అనుచున్నాను.

మా వీధి దుకాణదారుడు అంతయు విని, "ఎల్లుండికి మూడొందల కార్డులు ఇవ్వాలి బాబూ. పొద్దున్నే మీరే వచ్చి కూర్చోండి, మీ దాంట్లోనే చేసిచ్చి వెళ్దురు గాని" అని కుర్చీ జరిపెను. ప్రచారకునకు ఆనాడు ఆఫీసు కలదట. అచ్చట ఆయన బల్లమీద నున్నది విండోసే.