ఆవిడ వంతు

నన్ను కొన్న రోజు కూడా ఇంట్లో ఇదే చర్చ. ఇప్పుడే తీసుకుందామా, కొన్నాళ్లు ఆగుదామా? అది 2017 జూన్ చివరి వారం. జులై 1 నుంచి జీఎస్టీ వస్తోంది, పన్ను 18 శాతం అవుతుంది, ఈలోపే తీసుకోండని సికింద్రాబాద్ సీటీసీలో షాపులవాళ్లు చెబుతున్నారు. ఆయన బేరమాడారు. ఆవిడ మాత్రం నా మీటల మీద వేళ్లు ఆడించి చూశారు. సాయంత్రానికల్లా నేను చిక్కడపల్లిలో, రెండు గదుల ఇంట్లో, కుట్టుమిషన్ పక్కన బల్ల మీద ఉన్నాను.

ఆవిడ డీటీపీ చేస్తారు. శుభలేఖలు, బడుల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ సొంత ఖర్చుతో అచ్చు వేసుకునే కవుల పుస్తకాలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటే చాలు. నా మీటల మీది ఇంగ్లిషు అక్షరాలు రెండేళ్లకే చెరిగిపోయాయి. వాటితో ఆవిడకు పనేముంది, తెలుగంతా వేళ్లలోనే ఉంది.

నా ఒంటి సంగతి కొంచెం చెప్పాలి. ఐ5 ఏడో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్. తెర 15.6 అంగుళాలదే గానీ అందులో చుక్కలు అడ్డంగా 1366, నిలువుగా 768. కొనేటప్పుడు ఆ అంకెను ఎవరూ అడగలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. పగలంతా అమ్మాయి ఏడో తరగతి పాఠాలు, రాత్రి ఆవిడ పని. అప్పటికే నేను మేల్కోవడానికి పది నిమిషాలు పడుతోంది. ఆవిడ నన్ను ఆన్ చేసి, వెళ్లి బియ్యం కడిగి కుక్కర్ పెట్టి వచ్చేవారు. వచ్చాక కూడా నేను సిద్ధంగా ఉండేదాన్ని కాదు. "ఇంకో ఏడాది లాగుదాం" అనేవారు. రోజుకు పది నిమిషాలు, ఏడాదికి మూడు వందల రోజులు. యాభై గంటలు. ఆగితే ఎంత మిగులుతుందో ఇంట్లో అందరూ లెక్క వేశారు. ఆ యాభై గంటలను మాత్రం ఏ పద్దులోనూ రాయలేదు. అవి ఆవిడ నిద్రలోంచి పోయిన గంటలు. తలచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

మరుసటి ఏడాది రిపేరు కుర్రాడు నన్ను విప్పి చూశాడు. "అక్కా, ప్రాసెసర్ బానే ఉంది. స్లో అంతా డిస్క్ వల్లే. ఎస్‌ఎస్‌డీ వేద్దాం. ర్యామ్‌కి ఇంకో స్లాట్ కూడా ఖాళీగా ఉంది" అన్నాడు. పాత డిస్క్‌లో ఏ ఫైలు కావాలన్నా ముల్లు ఆ చోటికి వెళ్లేదాకా ఆగాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు. 8 జీబీ ర్యామ్ కూడా కలిపి ఆరు వేల లోపే అయింది. మర్నాడు నేను అరనిమిషంలోపే లేచాను. ఆవిడ వంటింటి వైపు రెండడుగులు వేసి, నా చప్పుడు విని వెనక్కి వచ్చారు.

అలా ఇంకో నాలుగేళ్లు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలట. ఒక్క తరం తేడాతో నేను బయటే ఉండిపోయాను. నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అమ్మాయి నమోదు చేసింది. బ్యాంకు పనులు నా దగ్గర మాన్పించింది. అది మంచి పనే.

ఈ సంక్రాంతికి మళ్లీ అదే చర్చ. ఆగితే ధర తగ్గుతుందన్న పాత నమ్మకం ఈసారి పనిచేయడం లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు పెరిగాయి. డిసెంబర్‌లో మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పైగా పల్చటి కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది, తర్వాత కలపడం కుదరదు. కొనేటప్పుడే 16 జీబీది చూసుకోవాలి.

"రిపబ్లిక్ డే ఆఫర్లలో తీసేసుకుందామా?" అన్నారు ఆయన.

"నాన్నా, నాకు సీటు రానీ. సీఎస్ఈ అయితే ఒకలాంటిది, సివిల్ అయితే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కావాలి. కౌన్సెలింగ్ అయ్యాక చూద్దాం."

"ముందు దానికే చూడండి. నాది నడుస్తోందిగా" అన్నారు ఆవిడ.

ఈ మాట నేను తొమ్మిదేళ్లుగా వింటున్నాను. ఇంట్లో ఏ వస్తువు కొన్నా ఆవిడ వంతు చివరిదే. నడుస్తున్నాను, నిజమే. కానీ ఆ తెర ముందు ఆవిడ ఎలా కూర్చుంటారో నాకు తెలుసు. ఏ4 పేజీ మొత్తం కనిపించేలా పెడితే గుడులూ ఒత్తులూ కలిసిపోతాయి. పెద్దది చేస్తే సగం పేజీయే కనిపిస్తుంది. అందుకని మెడ ముందుకు చాచి, ముఖం నాకు జానెడు దూరంలో పెట్టి చదువుతారు. అమ్మాయి కోసం ఆగడం సబబే, ఆగస్టుకి నాలుగు వేలు ఎక్కువైనా సరే. ఈ మెడ ఎందుకు ఆగాలి?

అదే ప్రశ్న అమ్మాయి పైకి అడిగింది. "అమ్మా, అంత వంగుతావెందుకు?" ఆవిడ జవాబు చెప్పలేదు. అమ్మాయి కాసేపు వెనకే నిలబడి చూసింది. ఆ శనివారం తండ్రిని వెంటబెట్టుకుని సీటీసీకి వెళ్లింది. తెచ్చింది లాప్‌టాప్ కాదు, మానిటర్. 1920కి 1080 చుక్కలది, ఏడు వేల పైచిలుకు. నా పక్క రంధ్రంలో తీగ గుచ్చారు. పేజ్‌మేకర్ నాలోనే నడుస్తోంది, పేజీ అక్కడ పడుతోంది.

ఆ రాత్రి తెర మీద ఒక శుభలేఖ ఉంది. అప్పటికే రెండుసార్లు ప్రూఫ్ చూసినది. ఆవిడ కుర్చీకి వీపు ఆనించి, పేజీ మొత్తం ఒక్కసారిగా చూశారు. పేజీ పైభాగాన చూపు ఆగింది. "అవిఘమస్తు" అని ఉంది. నా మీటల మీద వేలు పెట్టి, ఆ నకారపు ఒత్తు చేర్చారు.