రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను

అమలాపురంలో గానీ రాజోలులో గానీ సభ పెడితే ఆహ్వానపత్రిక మీద మొదలయ్యే టైము అచ్చేస్తారు. అయిపోయే టైము మాత్రం వెయ్యరు. అదే చేతితో అచ్చేసిన పెళ్లికార్డులో ముహూర్తం నిమిషాలతో సహా ఉంటుంది. జీలకర్రా బెల్లానికున్న లెక్క ఉపన్యాసానికి లేకపోయింది!

ఇంగ్లీషువాళ్లు నిమిషానికి నూట ముప్పయ్యో నూట యాభయ్యో మాటలని ఓ లెక్క పెట్టుకున్నారు. కాగితం మీద మాటలు లెక్కెట్టి ఇన్ని నిమిషాలని తేల్చేస్తారు. మన దగ్గర అది సాగదు. ముందు కాగితమంటూ ఉండాలి కదా. చూసి చదవడం మన వక్తకి నామోషీ.

అందుకని మన లెక్క వేదిక మీద కుర్చీలతో మొదలెట్టాలి. పద్దెనిమిది మంది ఆసీనులయ్యారనుకోండి. 'పెద్దలు, విద్యాదాత, అజాతశత్రువు, నాకు అన్నగారితో సమానులు' అంటూ ఒక్కో పేరుకీ పది సెకన్లు. తనని తాను పిలుచుకోరు గనక పదిహేడు పేర్లు. పద్దెనిమిది మందీ ఇదే దండకం చదువుతారు. వెరసి యాభై ఒక్క నిమిషాలు. విషయం ఇంకా గుమ్మంలోనే ఉంది.

1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ రెండు, మూడు నిమిషాల్లో ప్రసంగం ముగించాడు. పాపం, మన వేదికెక్కి ఉంటే ఆపాటికి మాజీ సర్పంచి గారి దాకా వచ్చుండేవాడు. 1957లో కృష్ణమీనన్ ఐక్యరాజ్యసమితిలో దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడారంటే, ఆయన నెత్తిన కాశ్మీరు ఉంది. మనవాళ్ల నెత్తిన ఉన్నది గ్రంథాలయ వార్షికోత్సవం.

పోనీ చీటీ పంపితే? వక్త గారు దాన్ని విప్పి, చదివి, జేబులో పెట్టుకుని, 'సమయం లేదని నిర్వాహకులు చీటీ పంపారు' అని మొదలెట్టి, సమయం ఎంత విలువైందో పావుగంట చెబుతారు. ఆపైన 'చివరిగా ఒక్క మాట'. మొదటిసారి విన్నప్పుడు చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కునేవాడు ఈ ఊరికి కొత్త. మూడోది వినేదాకా ఎరిగినవాడెవడూ కదలడు, సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు అందుకోవాల్సినవాడు తప్ప.

లోక్‌సభలో అయిదొందల పైచిలుకు సభ్యుల్ని గంట కొట్టి కూర్చోబెట్టిన ఒకప్పటి స్పీకరు బాలయోగి గారు ఈ అమలాపురం నుంచి వెళ్లిన ఎంపీయే. ఆ గంట మాత్రం ఢిల్లీలోనే ఉండిపోయినట్టుంది.

సభ ఎప్పుడవుతుందో కచ్చితంగా చెప్పగలిగినవాడు మైకు సెట్టు కుర్రాడొక్కడే.

"ఏమయ్యా, ఎంతసేపు పడుతుందంటావు?"

"ఆయ్, ఈయనగారు గంటంపావండీ. శాలువా ముందే కప్పేశారు కదండీ, ఇంక ఆగాల్సిన పనేముందండీ."

ఆ కుర్రాడికి వక్తలతో పని లేదు, పదింటితోనే పని. రాత్రి పది దాటితే బహిరంగంగా మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలున్నాయి. గౌతమికి ఇవతల ఉపన్యాసాన్ని ఆపగల శక్తి అదొక్కటే. పది కొట్టగానే యాంప్లిఫయర్ కట్టేస్తాడు. వక్త గారు ఒకడుగు ముందుకేసి, "మైకు లేకపోయినా మన గొంతు ఆఖరి వరస దాకా వినబడుతుందండీ" అంటారు.

ఆఖరి వరస కుర్చీలు టెంట్ హౌస్ వాళ్లు అప్పటికే దొంతర పెట్టేసి బండికెక్కిస్తున్నారు.