శాలువా కప్పితే అంతర్జాతీయమే

మన విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ పరిశోధనకు కావలసినవి శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ. వీటన్నిటినీ కలిపి తీసిన జియోట్యాగ్ ఫొటో మరీ ముఖ్యం, రేపు న్యాక్ తనిఖీవాళ్లకు చూపించాలి కదా! విదేశీ ఆచార్యుడొకరు విజిటింగ్ ఫెలోగా దిగుతారు. ఆయన మాట్లాడేది అరగంట, ఆయన గురించి మనవాళ్లు మాట్లాడేది గంటన్నర. "ప్రశ్నలేమైనా?" అనేసరికి భోజనాల పిలుపు. 2015లో కేంద్రం పెట్టిన జ్ఞాన్ పథకంలో విదేశీ అతిథికి 20-28 గంటల పాఠానికి 12 వేల డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. ఆ పక్క గదిలో మన పార్ట్‌టైం లెక్చరరుదీ గంటల లెక్కే, డాలర్లే లేవు.

ఈ వైభోగం చూస్తే గద్వాల నవ్వుతుంది. విద్వద్గద్వాల అన్న పేరు ఫ్లెక్సీతో రాలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు ఎక్కడెక్కడి పండితులో వచ్చేవారు, తిరుపతి వేంకట కవులూ వచ్చారు. శాలువా అప్పుడూ ఉంది, కాకపోతే సభ ముగిశాక కప్పేవారు. అవధానంలో ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, నిషిద్ధాక్షరివాడు అడుగడుగునా అడ్డుపడతాడు, నడుమ అప్రస్తుత ప్రసంగి. మన సెమినార్లలో మిగిలింది ఈ చివరాయనే, ఆయన్ని అధ్యక్షులవారంటున్నారు.

ఇక నాగర్‌కర్నూల్ వైపు వెళ్తే మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్. ఈయనకు ఫెలోషిప్ ఇచ్చింది రెండో ప్రపంచ యుద్ధం! ఆస్ట్రియావాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడివి, హైదరాబాద్ రాజ్యం దాటొద్దన్నారు తెల్లదొరలు. ఆయన అమ్రాబాద్ గుట్టలెక్కి చెంచు పెంటల్లో మకాం వేశాడు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. జియోట్యాగ్ లేదు కాబట్టి నేటి లెక్కన అది చెల్లదేమో. ఆయననూ పూర్తిగా వదలక్కర్లేదు: పుస్తకం ఇంగ్లీషులో, తీసిన ఫొటోలు లండన్ సోయాస్ విశ్వవిద్యాలయంలో, చెంచులు మాత్రం నల్లమలలో.

వీసీ గార్లకు మనవి. ఈసారి వచ్చే ఫెలోను పాలమూరు యూనివర్సిటీ గద్వాల, వనపర్తి పీజీ సెంటర్లలో పిల్లల ముందు కూర్చోబెట్టండి, ప్రశ్నలన్నీ అయ్యాకే శాలువా తీయండి. ఇక్కడి మీద రాసిన ప్రతి కాగితానికీ తెలుగు ప్రతి ఒకటి నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో ఇచ్చేదాకా టీఏ బిల్లు ఆపండి.