యునెస్కో, మా బావమరిది

2019 అక్టోబరు ఆఖరున యునెస్కో వాళ్ళు హైదరాబాదును సృజనాత్మక నగరాల జాబితాలో, అదీ తిండి విభాగంలో చేర్చారు. పేపర్లో చదివి నేనూ కాలర్ ఎగరేశాను. వాళ్ళకేం, చేర్చి చేతులు దులుపుకున్నారు. సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఇల్లున్న మాలాంటివాళ్ళ గతేమిటని ఒక్కరూ ఆలోచించినట్టు లేదు.

మెట్టుగూడలో కాపురమంటే బంధువర్గం మొత్తానికి ఉచిత వెయిటింగ్ రూమ్ నడపడమే. ఇదివరకు వచ్చినవాళ్ళకు చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్ తిప్పి తెస్తే చాలు, కాళ్ళు పీక్కుపోయి వాళ్ళే ముసుగుతన్ని పడుకునేవాళ్ళు. ఇప్పుడు కట్టడాలు ఎవరికీ అక్కర్లేదు. గోల్కొండ అంటే "ఎక్కాలి కదండీ" అని నీరసపడే మనిషి, బిర్యానీ కోసం గంటసేపు క్యూలో నిలబడటానికి మాత్రం చెప్పులు సర్దుకుంటాడు.

అందుకే ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ రెండు జాబితాలుంటాయి. చుట్టాలను తీసుకెళ్ళే హోటళ్ళు ఒకటి, మనం తినే చోట్లు ఇంకొకటి. మొదటిది అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల సెట్టు లాంటిది, చుట్టాలొస్తేనే బయటికి తీస్తాం. రెండోదాని గురించి నోరు విప్పం. విప్పితే మర్నాటి నుంచి అక్కడ మనకు చోటు దొరకదు.

మా బావమరిదిది తెనాలి. ఆంధ్రా ప్యారిస్ నుంచి వచ్చినవాడు గనుక ఏ ఊరి తిండికీ ఒక పట్టాన మార్కులు వెయ్యడు. ఏ హోటల్లో కూర్చున్నా మొదట కందిపొడి ఉందా లేదా చూసి, ఆ తర్వాత గానీ మెనూ ముట్టుకోడు. తెల్లవారుజామున రైలు దిగి, సంచీ నా చేతికిచ్చి, "బావా, ఈసారి యునెస్కో ప్రకారం తిరగాలి" అన్నాడు.

స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా ఉంది కాబట్టి అక్కణ్ణించే మొదలుపెట్టాం. ఆల్ఫాలో చాయ్ తాగడానికి ఆకలీ దాహమూ ఉండక్కర్లేదు, చేతిలో రైలు టికెట్ ఉంటే చాలు. బల్లల కింద సూట్‌కేసులు, బల్లల మీద బ్రెడ్ ఆమ్లెట్లు, అందరి కళ్ళూ గడియారం మీద. ఎదురుగా స్టేషన్‌ను పడగొట్టి కొత్తగా కడుతున్నారు గానీ ఇక్కడి హడావుడి మాత్రం అదే. మావాడికి ఎక్కాల్సిన రైలేదీ లేకపోయినా ఆ వాతావరణానికి కంగారుపడి చాయ్ గబగబా తాగి నాలుక కాల్చుకున్నాడు. కాలిన నాలుకతో మార్కులు వెయ్యడం ధర్మం కాదని, సాయంత్రం మావైపున్న ఇంకో ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాను.

ఇరానీ చాయ్ తయారీ గురించి నేను దారంతా ఉపన్యాసం ఇచ్చాను. డికాక్షన్ ఒక పక్క మూత బిగించిన రాగి పాత్రలో సన్నసెగ మీద గంటలకొద్దీ ఊరుతుంది. పాలు ఇంకోపక్క చిక్కబడేదాకా మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇదంతా విని మావాడు "అయితే పెళ్ళిచూపులు కూడా లేకుండా నేరుగా తాళి కట్టించేస్తారన్నమాట" అన్నాడు.

హోటల్ గుమ్మంలో మాత్రం ఆగిపోయాడు. "వీధిపోటు స్థలం బావా ఇది!" నిజమే. మనవాళ్ళు వీధిపోటని వదిలేసిన మూల స్థలాలను ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్ళు తీసుకుని, రెండు రోడ్లవైపూ తలుపులు పెట్టి, వచ్చే జనాన్నీ పోయే జనాన్నీ లోపలికి లాగారని ఇక్కడ చెప్పుకుంటారు. వాస్తు వాళ్ళనేమీ చెయ్యలేకపోయింది. ఆ తర్వాత అద్దెలూ, రోడ్ల వెడల్పూ, సెల్‌ఫోన్ షాపులూ చేశాయి. ఒకప్పుడు ప్రతి కూడలికీ ఒకటుండేది, ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాలి.

కూర్చున్నాం. అడక్కుండానే వెయిటర్ ఒక ప్లేటు నిండా బుల్లి ఉల్లి సమోసాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మావాడి మొహం వికసించింది.

"చూశావా బావా, మర్యాదంటే ఇదీ! మా ఊళ్ళో రెండోసారి చట్నీ అడిగితే ఎగాదిగా చూస్తారు."

నేను చెబుదామనే అనుకున్నాను. కానీ మా పెళ్ళిలో నా చెప్పులు దాచి వీడు నా దగ్గర ఎంత గుంజాడో గుర్తొచ్చి ఊరుకున్నాను. నిజానికి పద్ధతేమిటంటే, ప్లేటు మనముందు పెడతారు, తిన్నవాటికే డబ్బు, మిగిలినవి ఇంకో బల్లకి వెళ్తాయి. మావాడు ఇంకో బల్లకి వెళ్ళే అవకాశం వాటికివ్వలేదు. అతిథి మర్యాద కాదంటే బాగుండదని ఆఖరి ముక్క కూడా చాయ్‌లో ముంచి కానిచ్చాడు.

లేచి గల్లా వైపు నడుస్తుంటే, వెయిటర్ ఖాళీ ప్లేటును ఓరకంట చూసి, హాలు ఆ చివర నుంచి ఈ చివరకు వినబడేలా కేకేశాడు: "దో చాయ్, బారా సమోసే!"

పాత ఇరానీ హోటళ్ళలో బిల్లు కాగితం మీద రాదు, వెయిటర్ గొంతులోంచి వస్తుంది. గల్లా మీదున్నాయన వినబడిన లెక్క ప్రకారం డబ్బు తీసుకుంటాడు. అయితే ఆయనొక్కడే వినడు కదా. పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి, ఆ పన్నెండూ ఎక్కడికి పోయాయో చూద్దామన్నట్టు మావాడి పొట్ట వంక చూశాడు. మావాడికి డబ్బు గురించి బాధ లేదు, అది ఇచ్చింది నేనే. "అంత గట్టిగా అరవాలా బావా, చెవిలో చెప్పకూడదా?" అని ఇంటిదాకా గొణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు బిర్యానీ. 2017 నవంబరులో మెట్రో నడవడం మొదలయ్యాక మెట్టుగూడ నుంచి ప్యారడైజ్‌కి మూడో స్టేషనే. సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్. సినిమా హాలు పేరు హోటల్‌కి, హోటల్ పేరు కూడలికి, కూడలి పేరు మెట్రోకి వచ్చాయి, హాలు మాత్రం లేదు. ఈ ఊళ్ళో పేర్లను నమ్ముకుంటే పస్తే. తాజ్‌మహల్ అని బోర్డు కనిపిస్తే లోపల ఇడ్లీ సాంబారు ఉంటుంది. కరాచీ బేకరీ మొజంజాహి మార్కెట్లో పుట్టింది. పెట్టినాయన దేశవిభజనప్పుడు వచ్చిన సింధీ గనుక ఆ పేరు. ప్యారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన చిన్న కెఫేగా మొదలైంది, కరాచీ బేకరీదీ అదే ఏడాది. ఆంధ్ర రాష్ట్రం పుట్టిందీ ఆ ఏడే. మూడేళ్ళు తిరిగేసరికి దాని పేరూ రాజధానీ మారిపోయాయి. తక్కిన రెండూ బ్రాంచీల మీద బ్రాంచీలు పెట్టుకుంటూ పోయాయి. ఈ మాట మెట్రోలో మావాడి చెవిన వేస్తే, "తిండికున్న నిలకడ రాజకీయానికి ఎక్కడిది బావా" అన్నాడు.

బిర్యానీ ముందు మావాడు కాసేపు మౌనంగా కూర్చున్నాడు. నమస్కారం పెడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, పప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. రాదని తెలిశాక ఆవకాయ అడిగాడు. సర్వర్ చెవిలో పడనట్టే వెళ్ళిపోయాడు. చివరికి మిర్చీ కా సాలన్ రుచి చూసి తేరుకున్నాడు. పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు. "ఇది మన గుత్తొంకాయ మసాలానే! వంకాయ దొరక్క మిరపకాయలు వేశారు" అని గిన్నె ఖాళీ చేసి, ఇంకోటి తెప్పించి, అదీ అన్నంలో కలుపుకుని తిన్నాడు. పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరచి, పిండితో మూత అతికించి దమ్ చేస్తారని నేను మొదలుపెట్టిన కచ్చీ బిర్యానీ ఉపన్యాసం వినేవాడు లేక మధ్యలోనే ఆగిపోయింది.

మా ఆవిడకు కట్టించుకున్న పార్సెల్‌తో మళ్ళీ మెట్రో ఎక్కాం. మెట్రోలో తినకూడదు. వాసన రాకూడదని మాత్రం రూలు లేదు. తలుపులు మూసుకున్న నిమిషానికి పెట్టెలో సగం మంది ఫోన్లలోంచి తలలెత్తారు.

"ఎక్కడిదండీ?" అన్నాడు పక్కాయన.

చెప్పాను.

"అక్కడా? ముందులా లేదండీ."

ఈ ఊళ్ళో ఏ హోటల్ పేరెత్తినా వచ్చే జవాబు ఇదే. నా చిన్నప్పుడు మా నాన్న కూడా అన్ని హోటళ్ళ గురించీ ఇదే మాట అనేవాడు. ఆయన చిన్నప్పుడు మా తాత అనే ఉంటాడు. ఈ లెక్కన చూస్తే ప్రతి హోటలూ తెరిచిన మొదటిరోజు మధ్యాహ్నం ఒక్కపూట బాగుండి ఉండాలి. అప్పుడు తిన్నవాడెవరూ మనకు తగలడు.

మావాడు హలీం కూడా కావాలన్నాడు. అది రంజాన్‌లో రారా, వీధివీధికీ భట్టీలు వెలుస్తాయి, గోధుమలూ మాంసమూ కలిపి కర్రలతో దంచుతారు, 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది అని గొప్పగా చెప్పాను. "మా తిరుపతి లడ్డూకి 2009లోనే వచ్చింది" అన్నాడు వెంటనే. తెనాలికీ తిరుపతికీ మధ్య ఎంత దూరముందో అడుగుదామనుకుని మళ్ళీ ఊరుకున్నాను.

చార్మినార్ వైపు తీసుకెళ్ళలేదు. మేం సికింద్రాబాద్ వాళ్ళం. హైదరాబాద్ పుట్టింది 1591లో అయితే, మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో మా ఊరు పుట్టింది. ఇన్నేళ్ళయినా ట్యాంక్‌బండ్ దాటడమంటే మాకు పొరుగూరికి వెళ్ళినట్టే. పైగా ఆ ట్రాఫిక్‌లో పాతబస్తీకి చాయ్ తాగడానికి వెళ్తే, తిరిగొచ్చేసరికి మళ్ళీ చాయ్ వేళ అవుతుంది.

ఇక నా రెండో జాబితా. దాంట్లో మొదటి పేరు అసలు హోటలే కాదు. మా నాన్న లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవాడు. 1893లో నిజాం రైల్వే వాళ్ళు పెట్టిన వర్క్‌షాపది. దాని చుట్టూ క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. ఆదివారం మధ్యాహ్నం ఆ వరసలో నడిస్తే కొబ్బరిపాలతో వండిన పసుపన్నం, దాంతో ఖీమా ఉండల కూర వాసన. వాళ్ళు దాన్ని బాల్ కర్రీ అనేవాళ్ళు. క్రికెట్ బంతి పక్కింటి పెరట్లో పడితే తెచ్చుకోవడానికి మేం పోటీపడేవాళ్ళం. నిజం చెప్పాలంటే బంతి ఊరికే పడేది కాదు. క్రిస్మస్‌కి ఆ ఇంటి నుంచి కల్‌కల్స్, రోజ్ కుకీస్ వచ్చేవి. "ఇవి మన గులాబీ పువ్వులే" అని మా అమ్మ సంతోషంగా తినేది, సంక్రాంతికి అదే పళ్ళెంలో అరిసెలు పెట్టి పంపేది. ఆ రోజ్ కుకీస్‌లో కోడిగుడ్డు ఉందని ఆవిడకు వాళ్ళూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

రెండో పేరు ఒక టిఫిన్ బండి. దానికి పేరు లేదు, బోర్డు లేదు. మెట్రో వచ్చాక మా ఊళ్ళో చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లే గనుక దానికీ ఒక నంబరుంది. పొద్దున్నే పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తాడు. చుయ్ మన్న చప్పుడు ఆగకముందే గరిటెడు పిండి, దాని మీద కారప్పొడి, పైన చెంచాడు నూనె. ఎడంచేత్తో పళ్ళెం మీద ప్లాస్టిక్ కాగితం పరుస్తూ, కుడిచేత్తో అట్టు మడిచి, నీళ్ళనీళ్ళగా ఉన్న పల్లీ చట్నీ దాని నెత్తిన పోస్తాడు. పక్కన పొయ్యమంటే పొయ్యడు. ఎంతమంది చుట్టూ మూగినా ఎవరేం తిన్నారో, ఎవరు నిన్న చిల్లర బాకీ పడ్డారో కాగితం లేకుండా చెబుతాడు, ఇరానీ హోటల్ వెయిటర్‌లా కేకలు కూడా వెయ్యడు. మా ఆవిడ తమ్ముణ్ణి అక్కడికి తీసుకెళ్ళవద్దని నాకు ముందే ఆర్డరు. "రోడ్డు మీద నిలబెట్టి పెట్టాడని అమ్మతో చెబుతాడు, నా పరువు పోతుంది."

మూడోరోజు పొద్దున మావాడు నడకకు వెళ్ళి ఎంతకీ రాలేదు. వచ్చేసరికి మూతికి కారప్పొడి.

"ఇంత చేశావేం బావా? ఊరంతా తిప్పావు గానీ ఇంటి ముందున్నది చెప్పలేదు! నాలుగు దోశలు, రెండు ప్లేట్లు మైసూర్ బోండా. చట్నీ అడిగినకొద్దీ పోశాడు. పైగా ఎన్ని తిన్నానో ఎవరికీ వినబడలేదు."

తెనాలి వెళ్ళాక ఆల్ఫా గురించీ ప్యారడైజ్ గురించీ వాడు ఒక్క ముక్క చెప్పలేదట. ఎవరడిగినా బండి గురించే. రోడ్డు మీద నిలబెట్టానన్న సంగతి కూడా మా అత్తగారికి చేరింది. ఆవిడ కోప్పడకపోగా, ఈసారి తనూ వస్తానంది. వచ్చే నెల పెళ్ళికి వాళ్ళ పిన్నిగారి కుటుంబం మొత్తం సికింద్రాబాద్‌లో దిగుతోంది. నిన్న ఫోన్ చేసి, "అల్లుడుగారూ, ఆ బండి పిల్లర్ నంబరు కొంచెం చెప్పండి, రాసుకుంటాం" అన్నారు.

పెద్దవాళ్ళు అడిగితే చెప్పకపోతే బాగుండదు. చెప్పాను. అంకెలు కాస్త అటూ ఇటూ అయి ఉండొచ్చు. ఆ పిల్లర్ దగ్గర టైర్ పంక్చర్లు వేసే షాపుంటుంది. ఆయన చాలా మంచివాడు, అడిగితే మంచినీళ్ళు కూడా ఇస్తాడు.