గుంజ పాతినవాడిదే రోడ్డు

మన ఊళ్లలో రోడ్డు మూసెయ్యాలంటే రెండే కావాలి: టెంటు హౌస్ వాడి ఫోన్ నంబరు, తారుకు చిల్లు పెట్టే గునపం. పొద్దున షామియానా లేస్తుంది. మధ్యాహ్నానికి గాడిపొయ్యి మీద సాంబారు మరుగుతుంది. సాయంత్రం ఆర్టీసీ డ్రైవరు నోరెత్తకుండా పక్క సందులోకి బస్సు తిప్పుకుంటాడు. ఓణీల ఫంక్షనో, పెద్దకర్మో, కార్పొరేటర్ గారి జన్మదినమో... అనుమతి ఎవరిచ్చారని అడిగే నాథుడు లేడు. అడిగినా "భోంచేసి వెళ్లండి బాబాయ్" అంటారు. ఆ మాటను ట్రాఫిక్ కానిస్టేబులూ కాదనలేడు.

అదే షామియానా కింద మైకు పెట్టి "మా వీధికి నీళ్లు రావడం లేదు" అని చూడండి. ఆ క్షణం నుంచి అది ఊరికంతటికీ ముఖ్యమైన రహదారి అయిపోతుంది. ఎంతమంది వస్తారు, ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు, గొడవైతే పూచీ ఎవరిది అంటూ స్టేషన్లో రైటర్ గారు ఆరా తీస్తారు. ఎస్సై గారేమో బందోబస్తుకు వెళ్లారు. ఆయన వస్తే సీఐ గారిని కలవమంటారు, సీఐ గారు డీఎస్పీ ఆఫీసుకు పొమ్మంటారు. సభ నాడు తెల్లారేసరికి ముందస్తు అనుమతికి బదులు ముందస్తు అరెస్టు వస్తుంది. లేదంటే గుమ్మంలో ఇద్దరు కానిస్టేబుళ్లు కూర్చుంటారు. దీన్ని గృహనిర్బంధం అంటారు. వాళ్లకు కాఫీలు మాత్రం మనమే ఇచ్చుకోవాలి.

"డివిజన్‌లో సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్న ముక్క జిల్లా పేజీలో తిథి వార నక్షత్రాల్లా క్రమం తప్పకుండా కనిపిస్తుంది. సభలకూ ఊరేగింపులకూ పోలీసు లైసెన్సు అడిగే ఆ సెక్షను 1857 తిరుగుబాటును అణిచాక తెల్లదొరలు 1861లో రాసుకున్న పోలీసు చట్టంలోది. హైదరాబాద్ వాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, వాళ్లకు నిజాం నాటి 1348 ఫసలీ పోలీసు చట్టం వేరే ఉంది. దొరను ఊరికే ఆడిపోసుకోకూడదు. సభ లైసెన్సుకు పైసా రుసుం తీసుకోవద్దని అదే సెక్షన్ 30లో రాశాడు. పండగలప్పుడు వీధుల్లో సంగీతం ఏ మేరకు ఉండాలో పోలీసులే చూడొచ్చనీ రాశాడు. సభల సంగతి మనవాళ్లకు కంఠతా వచ్చింది. సంగీతం సంగతి డీజే మోతలో వినపడలేదు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు వద్దన్న 2000 నాటి నిబంధనలకూ అదే గతి పట్టింది.

అసలు అనుమతే వద్దనడం లేదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు నాయుడి రోడ్‌షోలో 8 మంది, నాలుగు రోజులకే గుంటూరులో కానుకల పంపిణీలో ముగ్గురు మహిళలు తొక్కిసలాటకు బలయ్యారు. ఎంతమంది వస్తారో లెక్కగట్టి, బారికేడ్లు కట్టి, వచ్చే దారీ పోయే దారీ వేరు చేయించడమే అనుమతి ఇచ్చేవాడి పని. అది శ్రమ అనుకున్నారో ఏమో, 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలకే దాదాపు తాళం వేశారు. తెచ్చిందెవరు? అధికారంలోకి రావడానికి ముందు అవే రోడ్ల మీద 3,648 కిలోమీటర్లు నడిచిన జగన్ గారి ప్రభుత్వం! రోడ్డు మీద సభలను క్రమబద్ధం చేయొచ్చు గానీ బొత్తిగా నిషేధించకూడదని సుప్రీంకోర్టు హిమత్‌లాల్ షా కేసులో 1972లోనే చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ పూనుకుని, 2023 మే 12న జీవోను కొట్టేయాల్సి వచ్చింది.

తెలంగాణది ఇంకా ముచ్చటైన కథ. రోడ్ల మీద ఉద్యమం చేసి గద్దెనెక్కిన టీఆర్ఎస్ పార్టీ 2017లో హైదరాబాద్ ఇందిరా పార్క్ దగ్గరి ధర్నా చౌక్‌ను మూసేసింది. చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బందట! ఊరి బయటికి పోయి అరుచుకోమన్నారు. మరుసటేడు నవంబరులో హైకోర్టు చెబితే గానీ అక్కడ మళ్లీ టెంటు లేవలేదు. 2021 నవంబరు 18న, వడ్లు కొనని కేంద్రం మీద ధర్నా అంటూ అదే పార్టీ అధినేత, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మంత్రులను వెంటబెట్టుకుని వచ్చి, సరిగ్గా ఆ ధర్నా చౌక్‌లోనే కూర్చున్నారు. అందుకు ఆయన హైకోర్టు గడప తొక్కాల్సిన పని పడలేదు.