అర్జీలకు భయపడకురా అల్లుడూ!

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మందుల కంపెనీలో సామాజిక బాధ్యత విభాగానికి మేనేజరువయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. చేరీ చేరగానే మీ ఫ్యాక్టరీ వెనకున్న చెరువు గురించి ఇరవై వేల సంతకాలతో ఆన్‌లైన్ పిటిషన్ వచ్చిపడిందట, నీకు అన్నం సహించడం లేదట. ఒరేయ్, ఇరవై వేల సంతకాలకే అన్నం మానేస్తే రేపు గేటు ముందు టెంటు వేస్తే ఏం మానేస్తావు? రిటైరయ్యే దాకా నేను వెలగబెట్టిందీ ఈ కొలువే. మా రోజుల్లో పబ్లిక్ రిలేషన్స్ అనేవాళ్లు. ఇప్పుడు పేరు మారింది, జీతం పెరిగింది. పని మాత్రం అదే: జనం తెచ్చిన కాగితం తీసుకుని, వాళ్ల చేతిలో ఇంకో కాగితం పెట్టి పంపడం. ఆ విద్యలో నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను. చదివి చించెయ్.

మొదటి ముక్క: పిటిషన్‌ను ఎప్పుడూ కాదనకు. రెండు చేతులా తీసుకో, ఫొటో దిగు. మీ ఆవేదన మాకు అర్థమైందని జవాబు రాయి. అర్థం చేసుకోవడానికి పైసా ఖర్చుండదు. ఆ తర్వాత కమిటీ వెయ్యి. అందులో రిటైరైన ఐఏఎస్ ఒకరు, ప్రొఫెసర్ ఒకరు, ఊరి ప్రతినిధిగా మీ క్యాంటీన్ కాంట్రాక్టరు ఉంటే నిండుగా ఉంటుంది. కమిటీ నివేదిక ఇచ్చేసరికి సంతకాలు పెట్టినవాళ్లు ఏనుగుల కోసం, అడవి కోసం, పక్క రాష్ట్రంలో నది కోసం ఇంకెన్నో సంతకాలు పెట్టి, నీ చెరువు పేరే మరిచిపోయి ఉంటారు.

ఆ సంతకం పెట్టేవాణ్ని ఎప్పుడైనా చూశావా? మెట్రో రైల్లో నిలబడి బొటనవేలితో చెరువును రక్షిస్తుంటాడు. అమీర్‌పేట రాగానే ఫోను జేబులో వేసుకుంటాడు, చెరువూ ఆ జేబులోకే పోతుంది. అతని మీద నాకు కోపం లేదురా. మన పరిశ్రమకు అంతటి ఆప్తుడు ఇంకొకడు లేడు. తన వంతు అయిపోయిందన్న తృప్తి అతనిది, గేటు దాకా రాడన్న ధీమా మనది.

లక్షల్లో వస్తేనో అంటావా? అదీ చూశాం. 2020లో, జనం లాక్‌డౌన్‌లో ఉండగా, పర్యావరణ అనుమతుల నిబంధనలను సడలిస్తూ కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. 17 లక్షలకు పైగా స్పందనలు వెళ్లాయి. ముసాయిదా ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఉందిగానీ మిగతా భాషలవాళ్లు ఎలా చదవాలి, వాటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రజల అభిప్రాయం అడగాలిగానీ వాళ్లకు అర్థమయ్యేలా అడగకూడదన్నమాట. ఈ-మెయిళ్లు పంపించిన కుర్రకారు సంస్థ ఒకదాని వెబ్‌సైటును ఆపించడానికి ఢిల్లీ పోలీసులు ఉగ్రవాద నిరోధక చట్టం సెక్షన్లతో నోటీసు ఇచ్చి, తర్వాత పొరపాటున వెళ్లిందని వెనక్కి తీసుకున్నారు.

ఇంత గొడవ జరిగాక ఆ ముసాయిదా తుది రూపం తీసుకోలేదు. పిటిషన్లవాళ్లు గెలిచామనుకున్నారు. ఆ ముసాయిదాలో ముందు కట్టేసి తర్వాత అనుమతి అడిగే వెసులుబాటు ఉందే, అది 2021లో ఆఫీసు మెమోగా వచ్చింది. మెమోకు అభ్యంతరాలు ఎవరడుగుతారు? 2025 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది నవంబరులో ఆ కొట్టివేతనే వెనక్కి తీసుకుంది. వీధి గుమ్మం దగ్గర 17 లక్షల మంది కాపలా ఉన్నప్పుడు పెరటి తలుపు ఎందుకుందో అప్పుడు తెలిసింది నాకు.

రెండో ముక్క: ప్రజాభిప్రాయ సేకరణ. కొత్తగా చేరినవాళ్లు ఈ పేరు వింటేనే హడలిపోతారు. పర్యావరణ అనుమతుల మీద 2006లో వచ్చిన నోటిఫికేషన్ ఓసారి చదువు, మనసు కుదుటపడుతుంది. 30 రోజుల ముందు కాలుష్య నియంత్రణ మండలి పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఇస్తుంది. టెండర్ నోటీసుల మధ్య వస్తే ఇంకా మంచిది. కలెక్టరో, అదనపు కలెక్టరుకు తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి, వహిస్తారు. మొత్తం వీడియో తీయాలి, తీస్తారు. ఇన్ని షరతులు పెట్టిన మహానుభావులు మనకో మేలు కూడా చేశారు: సభకు కోరం అక్కర్లేదని అందులోనే రాశారు. పంచాయతీ మీటింగుకు కోరం కావాలి, కంపెనీ వాటాదారుల సమావేశానికి కోరం కావాలి. ఊరి గాలీ నీరూ ఏం కావాలో వినే సభకు మాత్రం ఎంతమంది వస్తే అంతే చాలు.

వచ్చినవాళ్లకు టెంటు, కుర్చీలు, బిర్యానీ పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు. ముందు వరసల్లో మనవాళ్లు. వెనక పోలీసులు. స్థానికులకు ఉద్యోగాలిస్తామని మూడుసార్లు చెప్పు. అవి వాచ్‌మన్ ఉద్యోగాలని ఒక్కసారి కూడా చెప్పకు. అందరినీ మాట్లాడనివ్వు. వాళ్లు మాట్లాడింది రాసుకోవాలి, జవాబు చెప్పాలన్న నిబంధన ఉందిగానీ, వాళ్లు వద్దంటే మానుకోవాలన్నది లేదు.

ఇక పర్యావరణ నివేదిక. దాన్ని రాసే కన్సల్టెంటును పెట్టుకునేదీ ఫీజిచ్చేదీ మనమే. ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారో అతనికి గుర్తుచేయక్కర్లేదు. వందల పేజీలు, ఇంగ్లిషులో. ఊరికి తెలుగులో అందేది సారాంశం. సారాంశంలో చెట్లు నాటుతాం.

కాకపోతే ఒక జాగ్రత్త. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు పెట్టాలనుకున్నప్పుడు ఆ నేల బంజరని కాగితాలకెక్కింది. చుట్టుపక్కల ఊళ్ల చేలకు నీరిచ్చే చిత్తడి నేల అది, జాలర్లు వల వేసే చోటు. బంజరులో చేపలెలా పడతాయో ఆ కాగితం చెప్పలేదు. ఊళ్లు రిలే దీక్షలకు కూర్చున్నాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. తూటాకూ తీర్పుకూ ఒకే తేదీ. తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే తూటాతో పని ఉండేది కాదని మన మీటింగుల్లో ఎవరైనా అంటే, నువ్వు మంచినీళ్లు తాగుతున్నట్టు నటించు.

మూడో ముక్క: రెండు శాతం. కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. మిగతా 98 శాతం ఏ బాధ్యతతో సంపాదించావని ఆ సెక్షన్ అడగదు. నీ కుర్చీ నిలబడింది ఆ 2 శాతం మీదే. బోరు నీళ్లు రంగు మారితే ఊళ్లో నీళ్ల ప్లాంటు కట్టించు, నల్లా కన్నా లోగో పెద్దదిగా ఉండాలి. రిబ్బను కత్తిరించడానికి పిటిషన్ రాసినావిడనే పిలువు. బోరెందుకు పాడైందని ఆవిడ మళ్లీ అడిగితే, ఉచితంగా క్యాను నీళ్లిస్తున్నా విశ్వాసం లేదని ఊరివాళ్లే ఆవిడ మీదకు లేస్తారు.

మీ మందుల వ్యాపారానికి పటాన్‌చెరు పాఠం తప్పనిసరి. 1990లో అక్కడి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అది హైకోర్టుకొచ్చి, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు వచ్చింది. 1990లో పుట్టిన పిల్లవాడు తీర్పు వచ్చేసరికి మీ కంపెనీలోనే షిఫ్టు ఇన్‌ఛార్జి అయి ఉంటాడు. ఈలోగా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక లెక్క బయటపెట్టారు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి, శుద్ధయ్యాక బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోజుకు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో మింగే మందు అంత. చీటీ లేదు, ఫీజు లేదు, డాక్టరు లేడు. ప్రజారోగ్యానికి ఇంతటి ఉచిత సేవ చేసి కూడా దాన్ని సామాజిక బాధ్యత పద్దులో చూపించుకోకపోవడం మనవాళ్ల వినయం కాకపోతే ఏమిటి?

పైగా ఇప్పుడు సెబీకి ఇవ్వాల్సిన నివేదిక ఒకటి వచ్చింది. స్థానికుల నుంచి ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని పరిష్కారం కాకుండా మిగిలాయో అన్నిటికన్నా పెద్ద వెయ్యి లిస్టెడ్ కంపెనీలు అందులో గడులు నింపాలి. ఊరివాళ్లు కలెక్టరుకిచ్చింది కలెక్టరుకిచ్చినట్టు, ఫేస్‌బుక్‌లో రాసింది ఫేస్‌బుక్‌లో రాసినట్టు. నీ ఫారం మీద నీ ఆఫీసులో ఇస్తేనే ఫిర్యాదు. ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందో సెక్యూరిటీ గార్డుకు చెప్పకపోతే ఆ గడిలో సున్నా దానంతటదే కూర్చుంటుంది.

నాలుగో ముక్క, అసలు ముక్క: ఎవరికి భయపడాలి?

కొడైకెనాల్ సంగతి విను. హిందుస్థాన్ యూనిలీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ. పాదరసం అంటిన గాజు తుక్కు ఊళ్లో పాత సామాన్ల కొట్టులో బయటపడ్డాక 2001లో మూతపడింది. కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. 2015 జూలైలో చెన్నైకి చెందిన సోఫియా అష్రఫ్ దాని మీద ఓ ర్యాప్ పాట పాడింది. దాని వెనకే పిటిషన్. 2016 మార్చిలో కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో, వారి కుటుంబాలతో రాజీకొచ్చింది. అన్నేళ్లు కదలనిది ఏడాది తిరక్కుండా కదిలింది. పాట బాగుందని కాదురా. సబ్బు కొనేవాళ్ల చెవిన పడింది. ఆ పాట వెనక కూడా అన్నేళ్లుగా కాగితాలు దాచుకుని, ఒకరి చెయ్యి ఒకరు వదలని కార్మికులున్నారు. వాళ్లు లేకపోతే అది వారం రోజుల ముచ్చట.

ఒడిశాలో నియంగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కొండ కింద వేదాంత శుద్ధి కర్మాగారం అప్పటికే కట్టుకుని కూర్చుంది. చుట్టూ ఇంకా ఎన్నో ఊళ్లున్నా ప్రభుత్వం పన్నెండే ఎంచింది. న్యాయాధికారి ఎదుట పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. పన్నెండుకు పన్నెండు! అక్కడ ఎవరూ విన్నవించలేదు, వేడుకోలేదు, తగు చర్య తీసుకోగలరని ప్రార్థించలేదు. కాదనే అధికారం చేతికొచ్చింది, కాదన్నారు. 17 లక్షల ఈ-మెయిళ్లకూ ఈ పన్నెండు సభలకూ తేడా ఏమిటో నీకు ఎంబీఏలో చెప్పి ఉండరు.

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద 2024 నవంబరులో జనం రోడ్డెక్కి కదలకపోతే ప్రభుత్వం పనులు ఆపించింది. అంతకుముందు వాళ్లూ అర్జీలు ఇచ్చినవాళ్లే.

చివరగా, చెప్పకూడని మాట ఒకటి చెబుతాను. మనల్ని కాపాడేది లాయర్లూ కాదు, మంత్రులూ కాదు. మన ఫైళ్లు ఎవరూ చదవరన్న నమ్మకం. విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ 2019 మేలోనే తన ఉత్పత్తికి సరిపడా పర్యావరణ అనుమతి లేదని అఫిడవిట్‌లో స్వయంగా రాసిచ్చింది. సంతకం చేసి మరీ ఇచ్చింది. ఫైలు కదిలింది, ఫ్యాక్టరీ ఆగలేదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీద పడింది. 12 మంది పోయారు. ఆ అఫిడవిట్ గురించి ఊరికి తెలిసింది ఆ తర్వాతే.

అందుకని సంతకాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు. ప్రజాభిప్రాయ సభలో బడి అడిగేవాళ్లకు బడి, గుడి అడిగేవాళ్లకు గుడి ఇవ్వు. కానీ వెనక వరసలో ఎవరో ఒకామె మన నివేదిక తెలుగులోకి చేయించుకుని, పేజీలో కాగితం ముక్క పెట్టుకుని, ఈ లెక్కలో మా చెరువు ఎందుకు లేదని అడిగి, జవాబొచ్చేదాకా ఊరంతా కలిసి కూర్చుంటామంటే మాత్రం నాకు ఫోన్ చేయకు. ఆ ప్రశ్నకు మామయ్య దగ్గర కూడా కమిటీ లేదు.

ఇట్లు,
మీ మామయ్య