చవితి పందిట్లో బుర్రకథ పెట్టించు విధానం

ముందుగా ఉండవలసింది కమిటీ. కమిటీ అంటే కథ వినే తీరిక లేని పదకొండు మంది. వాళ్లకో వాట్సాప్ గ్రూపు, ఒక చందా రసీదు పుస్తకం, గేటు వెడల్పున ఫ్లెక్సీ, డజను శాలువాలు, సౌండ్ సిస్టం, వేలానికో లడ్డూ. ఇవన్నీ సమకూరాక, ఇంకా ఓపిక మిగిలితే, ఒక బుర్రకథ బృందం. ఈ వరస తప్పకూడదు. ముందు బృందాన్ని మాట్లాడుకుని, తర్వాత మిగతావి చూద్దామనుకున్న కాలనీలు కొన్ని ఉన్నాయి. అక్కడ చివరికి జనం కథ వినేశారు.

తొమ్మిది రాత్రుల్లో ఏ రాత్రి అన్నది తర్వాతి ప్రశ్న. మొదటి రోజు విగ్రహం హడావిడి. శని, ఆదివారాలు పిల్లల డాన్సులకూ ఆర్కెస్ట్రాకూ పోతాయి. ఆఖరి రోజు నిమజ్జనం. ఇక మిగిలేది మంగళవారమో బుధవారమో. మర్నాడు పిల్లలకు యూనిట్ టెస్టులుంటే ఆ రోజు ప్రశస్తం. క్రికెట్ మ్యాచి కూడా కలిసొస్తే ముహూర్తానికి తిరుగులేదు.

ఫ్లెక్సీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పైన వినాయకుడు, ఆయనకన్నా కాస్త పెద్దగా ముఖ్య అతిథి, ఇరువైపులా కమిటీ సభ్యులు పాస్‌పోర్టు ఫొటోల్లో. అందరూ నమస్కారం పెడుతూ ఉండాలి, ఒక్కరు మాత్రం సెల్‌ఫోన్ చెవిన పెట్టుకుని ఉండాలి. బృందం పేరు వేయాలనుకుంటే అడుగున, ప్రింటింగు షాపు ఫోన్ నెంబరుకు పైన వేలెడు జాగా ఉంటుంది. కథకుడి ఫొటో అడక్కండి. అడిగితే తురాయి పెట్టిన తలపాగా, మెరిసే అంగరఖా, నడుంకట్టుతో ఉన్న ఫొటో పంపిస్తాడు. ఆ పక్కన మన ముఖ్య అతిథి వెలవెలబోతాడు.

ఇక బేరం. ఫోన్లో రేటు చెప్పగానే అనవలసిన మాట: "ముగ్గురు మనుషులకు అంతా?" నిజమే, ముగ్గురే. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు. పాట పాడుతూ, వచనం చెబుతూ, కాళ్ల గజ్జెలు మోగిస్తూ ముందుకు ఉరికి వెనక్కి తగ్గుతుంటాడు. అటొకరు ఇటొకరు వంతలు, గుమ్మెటలతో. వాళ్లలో ఒకాయన హాస్యం చూసుకుంటాడు, ఇంకొకాయన రాజకీయం చూసుకుంటాడు. ఇద్దరూ కలిసి "తందాన తాన" అంటారు, కథకుడు ఆగితే ఆహా అంటారు, అనుమానం వస్తే అడుగుతారు. అంటే ఊకొడతారు. ఈ కళను ఈ రూపానికి తెచ్చిన జంగాలూ పిచ్చుకగుంట్లవాళ్లూ ఎంత ముందుచూపున్నవాళ్లో మన కమిటీలు చూశాక గాని నాకు అర్థం కాలేదు. కింద వినేవాడు ఉంటాడో ఉండడో అని, వినేవాళ్లను ఇద్దరిని వేదిక మీదికే వెంట తెచ్చుకున్నారు. కాబట్టి బేరంలో "ఒక వంతను తగ్గించుకుని రండి" అనే ముందు ఆలోచించుకోండి. ఆ ఇద్దరే ఆ రాత్రికి మీ ప్రేక్షకులు.

బయానా కొద్దిగా ఇవ్వండి. "మా దగ్గర ప్రోగ్రాం ఇస్తే మీకు పబ్లిసిటీ" అని గట్టిగా ఇవ్వండి.

కథ ఎంపికలో కమిటీ రెండుగా చీలుతుంది. చవితి కాబట్టి దేవుడి కథే ఉండాలని ఒకరంటారు. ఊపు ఉండాలని ఇంకొకరు. ఈ రెండోవాడు 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలో షేక్ నాజర్ బృందం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథను ఫోన్లో వేసి చూపిస్తాడు. "ఇలా ఉండాలి. ఇంతసేపే ఉండాలి" అంటాడు. సినిమాకు కత్తిరించిన ముక్క అది. నాజర్ ఊళ్లలో చెప్పినప్పుడు రాత్రి రాత్రంతా కథ నడిచేదని ఎవరైనా పెద్దాయన గుర్తు చేయబోతే, ఆయనకు ప్రసాదం ప్యాకెట్ల డ్యూటీ వేయండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల ఇంట పుట్టిన మనిషి బుర్రకథతోనే పద్మశ్రీ దాకా వెళ్లాడని, తన జీవితకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడని ఆ పెద్దాయన మొదలుపెడితే మీటింగు తెల్లారుతుంది.

ఎలాగో పల్నాటి యుద్ధం ఖాయమైందనుకుందాం. ఎక్కువగా అదే ఖాయమవుతుంది. వీరం కావాలన్నవాడికి బాలచంద్రుడు, దేవుడు కావాలన్నవాడికి చెన్నకేశవుడు ఉన్నారు. కోడిపందెం ఉందంటే అందరూ వింటారు. ఇప్పుడు షరతులు పెట్టాలి. ముఖ్యంగా రాజకీయ వంతకు. ఆయన పని పేరులోనే ఉంది. కథ నాగమ్మ కొలువులో ఉండగా ఆయన మధ్యలో దూరి నేటి కొలువుల సంగతి ఎత్తుతాడు. ఆ ఊరి రోడ్డు, ఆ వీధి కుళాయి, ఓటు, నోటు, అన్నీ అప్పటికప్పుడు అల్లి పాటలో పెడతాడు. పొద్దున్న ఊళ్లోకి దిగి రెండు టీలు తాగేసరికి వాళ్లకు సరుకు దొరుకుతుంది. సాయంత్రానికి దానికి వరస కట్టేస్తారు. ఇది పుస్తకంలో ఉండదు, రేపు ఇంకో ఊళ్లో ఉండదు. చాలా ప్రమాదకరం. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు రైతుల గోడును, కూలీల గోడును ఇలాగే చెబుతుంటే, అటు మద్రాసు ప్రభుత్వమూ ఇటు నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. రెండు ప్రభుత్వాలకు పట్టిన భయం ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు పట్టకుండా ఉంటుందా! కనుక ముందే చెప్పేయండి: పార్టీలు వద్దు, కులం వద్దు, మతం వద్దు, రోడ్డు వద్దు, డ్రైనేజీ వద్దు, ముఖ్యంగా కార్పొరేటరు గారు కూర్చున్నంతసేపు నీళ్ల ట్యాంకరు ఊసు వద్దు. "మరి నేనేం చెప్పాలండీ?" అని ఆయన అడుగుతాడు. "సరదాగా ఏదన్నా చెప్పండి" అనండి. అప్పుడు హాస్య వంత, తన ఉద్యోగానికి ఎసరు వచ్చిందనుకుని, అటు తిరిగి నవ్వుకుంటాడు.

బృందాన్ని ఐదింటికల్లా రమ్మనండి. తొమ్మిదింటి దాకా అవసరం ఉండదు, కానీ రమ్మనండి. వేషాలు వేసుకోవడానికి గది అడుగుతారు. అసోసియేషన్ ఆఫీసు తాళం ఉన్నాయన ఊళ్లో ఉండడు గనక జనరేటరు గది చూపించండి. రంగు పూసుకుని, తలపాగాలు చుట్టుకుని, చెమట్లు కక్కుతూ ముగ్గురూ అక్కడే నాలుగు గంటలు కూర్చోవాలి. గుమ్మెటలను మాత్రం బయట, చినుకు పడే చోట పెట్టించండి. తేమకు చర్మం సడలితే నాదం దిగిపోతుంది. ఇక ఆ వాద్యం మీ డీజే స్పీకర్లకు పోటీ రాదు.

సభ మొదలుపెట్టే సమయం ఫ్లెక్సీ మీద ఆరున్నర. మొదలయ్యేది ముఖ్య అతిథి కారు దిగినప్పుడు. జ్యోతి ప్రజ్వలన అంటే అగ్గిపుల్లలు ఆరిపోవడం, ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి సార్" అనడం కలుపుకుని పావుగంట. తర్వాత వేదిక మీదికి ఆహ్వానాలు. పిలవని వాళ్లు కూడా ఎక్కేవరకూ పిలవండి. ఒక్కొక్కరూ "సమయాభావం వల్ల రెండే మాటలు" అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. అంతరించిపోతున్న జానపద కళలను బతికించుకోవాలన్నది ఉపన్యాస విషయం. అంతరించేదెవరో జనరేటరు గదిలో రంగు కారిపోతూ వింటుంటారు. తర్వాత శాలువాలు. సెక్రటరీ అతిథికి, అతిథి సెక్రటరీకి, ట్రెజరరు ఇద్దరికీ. నేను చూసిన ఒక పందిట్లో శాలువాలు చాలక, మొదట కప్పిన దాన్నే మడతపెట్టి ఆఖరివాడికి కప్పారు. పొదుపు తెలిసిన కమిటీ అది.

ఇంతా చేస్తే తొమ్మిదింపావు అవుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం, ప్రభుత్వం పండగ సడలింపు ఇస్తే తప్ప, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు మోగకూడదు. ఈ నియమం ఉపన్యాసాలకు, లడ్డూ వేలానికి, నిమజ్జనం డీజేకి గుర్తు రాదు. కథకుడు తంబురా శ్రుతి చూసుకుంటుండగా మాత్రం ఠక్కున గుర్తు రావాలి. సెక్రటరీ వెళ్లి చెవిలో "గురువుగారూ, ముప్పావుగంటలో ముగించెయ్యండి" అనాలి. గురువుగారు అని తప్పకుండా అనాలి.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రార్థనకు ఐదు నిమిషాలు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఇటు బ్రహ్మనాయుడు, అటు నాయకురాలు నాగమ్మ, వీళ్లను పరిచయం చేసేసరికి పావుగంట. కోడిపందెం అయి, ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు అడవులు పట్టేసరికి పోలీసు జీపు వచ్చి గేటు దగ్గర ఆగుతుంది. అలరాజు రాయబారం లేదు, మంచాల లేదు, కారంపూడి రణరంగం అసలే లేదు. బాలచంద్రుడి కోసం జనం పల్నాటి యుద్ధం కోరుకుంటారు. మన పందిట్లో ఆ కుర్రవాడు బొంగరాలాట కూడా మొదలుపెట్టడు.

ఆ ముప్పావుగంటైనా ఖాళీగా వదలకండి. మైకు సెట్టు కుర్రాడికి ముందుకూ వెనక్కూ ఊగే మనిషితో పరిచయం లేదు. ఆర్కెస్ట్రా గాయకుడిలా ఒకచోట నిలబడి పాడతాడనుకుని ఒకే స్టాండు పెడతాడు. కథకుడు ముందుకొస్తే గొంతు, వెనక్కెళితే గజ్జెలు వినబడతాయి. వంతలకు మైకు అడిగితే "ఛానెళ్లు లేవన్నా" అంటాడు. బేస్ తగ్గించమంటే పెంచుతాడు. అతన్ని మార్చకండి, నిమజ్జనానికి డిస్కౌంటు ఇస్తానన్నాడు.

చదివింపులు ఇంకో వరం. ఎవరో నూటపదహార్లు పంపిస్తారు, కథకుడు ఆ పేరు చదివి దీవెన పాడాలి. ఇది పాత మర్యాదే. బాగా చెప్పే కథకుడు ఆ పేరును కూడా కథలోకి లాగి నవ్వించగలడు. మీరు చేయవలసిందల్లా చీటీలను విడివిడిగా, మంచి ఘట్టం చూసి పంపించడం. బ్రహ్మనాయుడు రాజ్యం పోగొట్టుకుని మాచర్ల వదిలే చోట అందరి గొంతూ పూడుకుపోతుందట. సరిగ్గా అక్కడ బి-బ్లాకు నాలుగో అంతస్తు వారి మనవడి పుట్టినరోజు శుభాకాంక్షల చీటీ అందించండి.

భోజనాల సమయం కూడా కథ నడిచేటప్పుడే పెట్టుకోవాలి, అప్పుడే కుర్చీలు ఖాళీ అవుతాయి. వీఐపీలకు అద్దాల గదిలో వేరు కౌంటరు, ఫ్లాటు ఓనర్లకు బఫే, అద్దెకున్నవాళ్లకు కూపన్లు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని వేదిక మీద కథకుడు పాడుతుంటాడు. సరిగ్గా అదే నిమిషంలో కింద కమిటీ సభ్యుడు "కూపన్ లేనివాళ్లు పక్కకు జరగండి" అని అరవాలి. ఈ ఘట్టానికి రిహార్సలు అక్కర్లేదు. ఏ పందిట్లోనైనా తనంతట తానే కుదురుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. మన వాచ్‌మన్‌ది మాచర్ల అవతల ఏదో ఊరు. కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లకు చిన్నప్పుడు తండ్రి భుజం మీద వెళ్లినవాడు. కథ మొదలైన కాసేపటికి గేటు దగ్గర్నించి "ఆఁ" అని ఒక గొంతు వస్తుంది. అది వాడే. కథకుడికి ఆ ఒక్క "ఆఁ" చాలు. ముందు వరస సోఫాలను వదిలేసి గేటువైపు తిరిగి చెప్పడం మొదలుపెడతాడు. ఇస్త్రీ బండి ఆయనా, పాచిపని చేసే అమ్మలూ, బిర్యానీ డెలివరీకి వచ్చిన కుర్రాడూ గోడకు ఆనుకుని నిలబడిపోతారు. వాళ్లెవరూ చందా కట్టినవాళ్లు కాదు. చదివింపు చీటీలు కథకుడికి కనబడవు. రాజకీయ వంతకు ధైర్యం వచ్చి "ఏమయ్యా నాయుడూ, ఇక్కడ నీళ్ల ట్యాంకరు ఎవరి ఫ్లాటుకు ముందొస్తుందో!" అని అందుకుంటాడు, గోడ దగ్గర ఈలలు పడతాయి. కార్పొరేటరు గారు ఫోను వచ్చినట్టు లేస్తారు. ఇంతకన్నా అనర్థం ఉండదు. కనుక వాచ్‌మన్‌ను సాయంత్రమే సెల్లారులోకి, మోటారు దగ్గరికి పంపేయండి. అక్కడికీ గుమ్మెట వినబడుతుందంటారా? మోటారు వేసి ఉంచమనండి.

పదయ్యాక మైకు కట్టేసి, వందన సమర్పణ మైకు లేకుండానే కానిచ్చి, లడ్డూ వేలానికి మైకు మళ్లీ తీయండి. బృందానికి డబ్బు వేలం లెక్కలు తేలాక. ఈలోగా వాళ్లు వేషాలు విప్పుకుని, చల్లారిన పులిహోర తిని, ఆఖరి బస్సు పోగొట్టుకుంటారు. ఒప్పుకున్న దాంట్లోంచి కొంత తగ్గించి చేతిలో పెట్టండి. "కథ పూర్తి కాలేదు కదా గురువుగారూ" అని కారణం కూడా చెప్పండి. జమాఖర్చుల్లో డెకరేషను, సౌండు, శాలువాలు, డ్రోను వీడియో, ఫ్లెక్సీ ఒక్కోదానికి ఒక్కో పద్దు. బృందానిది 'ఇతరములు' కింద, దోమల మందు పక్కన.

వాళ్లను గేటు దాకా సాగనంపేటప్పుడే వచ్చే ఏడాదికి మాట తీసుకోండి, పాత రేటుకే. అలరాజు రాయబారం నుంచి అంతా ఇంకా మనకు బాకీ ఉన్నారు.